గుట్ట మీద ఏం లేదు

సింధూజ చేతిరాత గుండ్రంగా ఉంటుంది. జొన్నకంకి మీద గింజలు కుదురుకున్నట్టు అక్షరం పక్కన అక్షరం కూర్చుంటుంది. బూరుగుమెట్ల బడి గోడల మీద నీతివాక్యాలన్నీ ఆమె రాసినవే. ఊళ్లో ఎవరికి రేషన్ కార్డు దరఖాస్తు కావాలన్నా, కరెంటు ఆఫీసుకు ఫిర్యాదు పెట్టాలన్నా "లక్ష్మీనర్సయ్య మన్మరాలిని పిలువుండ్రి" అనేవాళ్లు. నలుగురిలో మాట్లాడమంటే చున్నీ కొస నలుపుకుంటూ నిలబడిపోయే పిల్ల, కాగితం ముందర పెడితే తలెత్తకుండా పేజీలు నింపేది. "దీని నోరు చేతిల ఉన్నది" అని తాత నవ్వేవాడు.

ఆ రాతే ఒకరోజు యూనివర్సిటీ క్యాంపస్‌లో, పట్టపగలు, వేరేవాళ్ల ఫోనులో ఆమెకు ఎదురైంది.

సింధూజ బి.ఎస్సీ. మొదటి సంవత్సరం. ప్రాక్టికల్స్ అయ్యాక తను, క్లాస్‌మేట్ మనీషా డిపార్ట్‌మెంట్ వెనక సిమెంటు బెంచీ మీద డబ్బాలు తెరిచారు. సింధూజది అడిక్‌మెట్ హాస్టల్ డబ్బా. అందులో పప్పును వెతుక్కోవాలి. మనీషాది తార్నాకలో వాళ్ల ఫ్లాట్ నుంచి వచ్చిన డబ్బా, మూత తీస్తే గోంగూర వాసన. మనీషా వాళ్ల అమ్మ వేదవతి ఈ క్యాంపస్‌లోనే బోటనీ ప్రొఫెసర్.

"మీ ఊరు బూరుగుమెట్లే కదా?" అంది మనీషా ఫోను చూస్తూ. "మీ ఊరు ఫేమస్ అయిపోయిందే తల్లీ. మా అమ్మ రెండు రోజుల నుంచి మీ ఊరే చదువుతోంది. అన్నం కూడా మీ ఊరితోనే తింటోంది."

"మా ఊర్ల చదవడానికి ఏమున్నది?"

"ఏదో గుట్టంట. అక్కడ ఇనుప రాయి తవ్వడానికి కంపెనీవాళ్లు పర్మిషన్ అడిగారంట. పదకొండు వందల ఎకరాలు, మొత్తం ఫారెస్టు ల్యాండే. నాలుగొందల పేజీల రిపోర్టు. ఇదిగో, ఒక పేజీ తెలుగులో ఉంది చూడు. రాసినవాళ్లెవరో గానీ భలే అందంగా రాశారు."

సింధూజ చూసింది. నీలం సిరా. గుండ్రటి అక్షరాలు. గుట్ట మీద ఏయే జంతువులు ఉన్నాయి? ఏమీ లేదు. పక్షులు? ఏమీ లేదు. తేనెపట్లు? ఏమీ లేదు. ఊటలు, చెలిమెలు? ఏమీ లేదు. కింద తాత పేరు, తాత బొటనవేలి ముద్ర. దాని కింద ఇంగ్లీషులో టైపు చేసిన ఒక వాక్యం. అడవి దెబ్బతిన్నదనీ, చెప్పుకోదగ్గ ప్రాణులేవీ లేవనీ ఊరి పెద్దే స్వయంగా చెప్పాడనీ దాని సారాంశం.

ముద్ద నోట్లోనే ఉండిపోయింది.

"ఏమైందే?" అంది మనీషా.

"ఇది నా రాత" అంది సింధూజ.

*

బూరుగుమెట్లలో ఒక కట్టు ఉంది. గుట్టకు పోయే ఎర్రమట్టి బాటలో, ఊరికి మైలు దూరాన, నడుమెత్తు బండ ఒకటి ఉంటుంది. దాన్ని నోరుగట్టు బండ అంటారు. అది దాటిన మనిషి గుట్ట మీద ఏం చూసినా పేరు పెట్టి చెప్పకూడదు. ఎదురొచ్చినవాళ్లు "ఏమున్నది?" అని అడిగితే "ఏం లేదు" అనాలి. పులి మీద కాలు వేసి వచ్చినా ఏం లేదనే అనాలి. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కున్నాకే నోరు విప్పొచ్చు. అప్పుడైనా ఇంటివాళ్లతోనే, అదీ చాటుపేర్లతోనే. ఎలుగుబంటి నల్లాయన. చిరుత మచ్చలామె. తేనె తీపి. పరాయివాళ్ల ముందు ఆ మాత్రం కూడా అనరు. పేరు పెట్టి చెప్పింది గుట్ట మీద నిలవదని వాళ్ల నమ్మకం. లక్ష్మీనర్సయ్య తాతకు తాత ఒకాయన, సంతలో కల్లు మత్తులో గుట్ట మీది నెమళ్లను లెక్కబెట్టి చెప్పాడంట. మరుసటేడు మచ్చుకొక్క ఈక దొరకలేదని ఇప్పటికీ చెప్పుకుంటారు.

నాలుగేళ్ల కింద సర్వే పిల్లగాడు వచ్చినప్పుడు సింధూజ తొమ్మిదో తరగతి. అతని పేరు దేవేందర్. నెత్తి మీద టోపీ, చేతిలో అట్ట, మెడలో కెమెరా. అతనిదీ రైతు కుటుంబమే, మాట మంచి. వద్దన్నా వినకుండా తాత సంచి తను మోశాడు. అడగాల్సినవి ఇంటి అరుగు మీద కూర్చుని కూడా అడగొచ్చు. కానీ అతని ఆఫీసువాళ్లకు ఫోటోలో గుట్ట పడాలి, అది ఏ జాగానో చెప్పే నంబర్లు ఫోటో మీద పడాలి. "ఇంకో నాలుగడుగులు పోదాం తాతా" అంటూ నోరుగట్టు బండ దాటించి ఇరవై అడుగులు తీసుకుపోయాడు. అక్కడ నిలబెట్టి అడగడం మొదలుపెట్టాడు.

వాళ్ల నెత్తి మీద బండచరియకు ఏడు తేనెపట్లు వేలాడుతున్నాయి. జుమ్మని మోత. కాలి పక్కన పుట్ట, నల్లాయన రాత్రే తవ్విపోయినట్టు తడి మన్ను.

"ఈడ జంతువులేమన్న ఉన్నయా తాతా?"

తాత పుట్ట వైపు చూశాడు. "ఏం లేదు" అన్నాడు.

"తేనెపట్లు?"

తాత పైకి చూశాడు. "ఏం లేదు."

దేవేందర్ పట్నంలో పెరిగినవాడేమీ కాదు. తలెత్తితే కనబడేవే. కానీ అతనికి సాయంత్రంలోపు మూడు ఊళ్లు తిరగాలి, కళ్లన్నీ అట్ట మీదే. "చెల్లె, నీ రాత బాగుంటదని మీ సార్ చెప్పిండు. జర నువ్వే రాయవా, నాది కోడి గీకినట్టుంటది" అని పెన్ను ఇచ్చాడు.

సింధూజ తాత ముఖం చూసింది. తాత బండ వైపు చూస్తున్నాడు. అన్నా, ఈ బండ దాటినంక ఏమడిగినా ఏం లేదనే అనాలె, అది మా ఊరి కట్టు. అంతే అనాలనుకుంది. మాట గొంతుదాకా వచ్చి కూర్చుంది. పరాయి మనిషి, అందులో మగపిల్లగాడు, పెన్ను చేతికిచ్చి మరీ ఎదురుచూస్తున్నాడు. ఆమె తలొంచుకుని రాసింది. నాలుగుచోట్ల, ఒక్క కొట్టివేత లేకుండా.

"అబ్బ, అచ్చు గుద్దినట్టున్నది" అన్నాడు దేవేందర్.

ఆ మాటకు ఆమె ఆ రోజంతా మురిసిపోయింది కూడా.

*

వేదవతి గదిలో గోడల నిండా ఎండుటాకులు అంటించిన అట్టలు. సింధూజ చెప్పిందంతా ఆవిడ కళ్లజోడు తీసి చేతిలో పట్టుకుని విన్నారు. సింధూజ చెప్పడం కూడా ఏమంత చెప్పడం కాదు. సగం మనీషా అందించింది.

"అంటే మీ తాతగారు అబద్ధం చెప్పలేదు" అన్నారు వేదవతి. "వాళ్ల పద్ధతిలో వాళ్లు గుట్టను కాపాడుకున్నారు. వీళ్లు దాన్ని తెచ్చి సాక్ష్యంగా అచ్చేశారు."

"తప్పు నాదే మేడం. నేనే రాసిన."

"అప్పటికి పద్నాలుగేళ్ల పిల్లవి. నీది తప్పేంటమ్మా? అయినా దిద్దుకునే దారి ఉంది." ఆవిడ కాగితం తీసి గీత గీసినట్టు వివరించారు. ఆ భూమిలో ఏముందో చూసి రాయడం రిపోర్టు రాసినవాళ్ల పని. వాళ్లు ఏమీ లేదని రాశారు. అది తప్పని తేలితే రిపోర్టు మీద నమ్మకం పోతుంది. నమ్మకం పోతే అనుమతి ఆగుతుంది. అభ్యంతరాలకు ఆఖరి గడువు శుక్రవారం సాయంత్రం ఐదు. "వేలిముద్ర వేసిన మనిషే వచ్చి, అక్కడ ఏముందో పేరుపేరునా చెప్పాలి. నేను చెబితే ఎవరో పట్నం ప్రొఫెసర్ అంటారు. నువ్వు చెబితే చిన్నపిల్ల అంటారు. తీసుకురాగలవా?"

సింధూజ తలూపింది. తీసుకురాగలదో లేదో ఆమెకే తెలియదు.

ఆ సాయంత్రం హాస్టల్ మేడ మీద, బట్టలు ఆరేసిన తీగల మధ్య నిలబడి ఫోను చేసింది. సంగతంతా విన్నాక తాత అడిగాడు, "అయితే ఇప్పుడేమంటరు?"

"గుట్ట మీద ఏమున్నదో నువ్వొచ్చి చెప్పాలె తాతా."

"ఏం లేదు."

"తాతా! నువ్వు ఇంట్లనే ఉన్నవు గద?"

"ఇంట్లనే ఉన్న. కాళ్లు గూడ కడుక్కున్న. గని ఫోన్ల ఎవలెవలింటరో ఎవలికెరుక?"

వెనక నుంచి నాయనమ్మ అమృతమ్మ గొంతు వినిపించింది. "నీ మాటలింటె ఎవలికి పొద్దువోతది గని, పిల్ల ఏమంటున్నదో సక్కగ విను."

సింధూజ కళ్లు మూసుకుంది. "నువ్వు చెప్పకుంటే గుట్ట మీద ఉన్నయే కాదు తాతా, గుట్టే ఉండది. మిషన్లు పెట్టి తవ్వుతరు. ఆనాడు ఏం లేదని నేనే రాసిన. ఇప్పుడు ఉన్నదని గూడ నేనే రాయాలె. నీ కాల్మొక్త, రా తాతా."

తాతతో ఒక్క ఊపులో అన్ని మాటలు ఆమె ఎన్నడూ మాట్లాడలేదు.

"పొద్దుగాల బస్సు ఎన్నిటికే?" అని తాత నాయనమ్మను అడగడం వినిపించింది.

*

శుక్రవారం పదకొండు గంటలకు లక్ష్మీనర్సయ్య ఉప్పల్‌లో బస్సు దిగాడు. తెల్ల ధోతి, భుజాన తువ్వాల, చేతిసంచిలో మనవరాలి కోసం సకినాలు. మెట్రోలో తార్నాక దాకా నిలబడే వచ్చాడు. ఎదురెళ్లి తీసుకొస్తున్న సింధూజ సీటు చూపిస్తే "కూసుంటే కింద ఊరు కనవడదు" అన్నాడు. దిగాక కదిలే మెట్లను చూసి "అది నడుస్తున్నది, మనమెందుకు తొక్కుడు" అని పక్కన మామూలు మెట్లు దిగాడు.

క్యాంపస్‌లో అడుగుపెట్టాక తాత నడక నెమ్మదించింది. రోడ్డుకు అటూ ఇటూ వేపలు, కానుగలు. వాటి వెనక ముళ్లకంపలు. ఆ వెనక గుట్టలుగా పేర్చినట్టు బండరాళ్లు. ఒక బండ మీద పిల్లలు చదువుకుంటున్నారు.

"గింత జాగ ఎవలిది బిడ్డా?"

"యూనివర్సిటీది తాతా. అంటే సర్కారుదే."

"మన గుట్ట గూడ సర్కారుదే గదనే."

"అవును."

"మరి గీ బండలెందుకు తవ్వుతలేరు?"

"ఈడ అందరు సూస్తరు గద తాతా" అంది సింధూజ.

"మనదాన్ని సూసేటోళ్లు లేకనా?" తాత నవ్వాడు. "సూస్తం. గని చెప్పం."

వేదవతి లేచి నిలబడి నమస్కారం పెట్టారు. కుర్చీ వేశారు, మంచినీళ్లు ఇచ్చారు. మనీషా ఫోను కెమెరా తెరిచి పట్టుకుంది. సింధూజ తెల్లకాగితాల కట్ట ముందర పెట్టుకుని పెన్ను మూత తీసింది.

"చెప్పండి లక్ష్మీనర్సయ్య గారూ. ఆ గుట్ట మీద ఏమేం ఉన్నాయి?"

తాత నోరు తెరిచాడు. మూశాడు. గోడ మీది ఎండుటాకుల వంక చూశాడు. "ఏం..." అని ఆగాడు. డెబ్బై ఏళ్ల అలవాటు. "మేడం, ఈ ఆకులల్ల ఒకటి మా గుట్ట మీద..." అని మళ్లీ ఆగిపోయాడు.

"తాతా, ఇది గుట్ట కాదు గద" అంది సింధూజ మెల్లగా. "బండ శాన దూరమున్నది."

"కాళ్లు కడుక్కుంట" అన్నాడు తాత.

వరండా చివర కుళాయి ఉంది. తాత ధోతి మోకాళ్ల దాకా ఎగగట్టి, పాదాలు, మడమలు, వేళ్ల సందులు, అడవి నుంచి వచ్చినవాడు కడుక్కున్నట్టే కడుక్కున్నాడు. చెప్పులు బయటే విడిచాడు. తడి పాదాల ముద్రలు వేసుకుంటూ గదిలోకొచ్చి కూర్చున్నాడు. ఈసారి ఎవరూ అడగలేదు.

"ఎలుగులున్నయి" అన్నాడు.

తాత నోట ఆ మాట సింధూజ పుట్టాక వినలేదు. పెన్ను ఒక్క క్షణం ఆగింది.

"తూర్పు దిక్కు రెండు బండల నడుమ దాని గుహ. మూడేండ్లసంది అండ్లనే ఈనుతున్నది. ఈసారి రెండు పిల్లలు. దానికి పైన చిరుత ఉన్నది, ఆడది, ఎడమ చెవు చినిగింది. చింతబండ చరియకు తేనెపట్లు పన్నెండు. ఉత్తరం లొద్దిల అలుగు ఉన్నది. పొలుసులుంటయి సూడు మేడం, ముట్టుకుంటె బంతి తీర్గ ముడుసుకుంటది. నేను రెండేసార్లు సూసిన. చెలిమెలు అయిదు. నాలుగు ఎండకాలం ఇంకుతయి. అయిదోది ఎన్నడు ఇంకలేదు, మా నాయిన కాలంల గూడ ఇంకలేదు. దానికాడికి నెమళ్లొస్తయి, పొద్దుగాల ముప్పై దాక లెక్కబెట్టొచ్చు. కొండగోగు చెట్లున్నయి, తపసి ఉన్నది, నల్లజీడి ఉన్నది, ఏగిస ఉన్నది..."

మొదట కుండ వంచినట్టు కొద్దికొద్దిగా వచ్చిన మాట తర్వాత గండి పడ్డట్టు వచ్చింది. ఏ చెట్టు ఏ మలుపులో ఉందో, ఏ బండ కింద ఏ పాము ఉంటుందో, ఏ నెలలో ఏ పిట్ట ఎక్కడ గుడ్లు పెడుతుందో. వేదవతి మధ్యలో చెట్ల పేర్లకు శాస్త్రీయ నామాలు పక్కన రాసుకుంటూ రెండుసార్లు కళ్లు తుడుచుకున్నారు. మనీషా చెయ్యి మార్చి చెయ్యి మార్చి ఫోను పట్టుకుంది. సింధూజ రాస్తూనే ఉంది. ఈ తొమ్మిది పేజీలతో ఆ నాలుగు మాటలు చెరిగిపోవాలని, ఆమె తన బతుకులోకెల్లా శ్రద్ధగా రాసింది. ఎక్కడికి ఎలా పోవాలో తాత చెబుతుంటే చిన్న పటం కూడా గీసింది.

తాత వేలిముద్ర వేశాడు. అదే బొటనవేలు.

"అయిపోయింది" అన్నాడు, వేలికంటిన సిరా తువ్వాలకు తుడుచుకుంటూ. "ఇంక నా తాన ఏం లేదు."

*

మూడు గంటలకు వేదవతి అన్నీ జతచేసి కాలుష్య నియంత్రణ బోర్డుకు, అనుమతులిచ్చే ఢిల్లీ కమిటీకి మెయిల్ పంపారు. నియమం ప్రకారం ఒక ప్రతి రిపోర్టు రాసిన ఆఫీసుకు కూడా చేర్చాలి. ఆ ఆఫీసు తార్నాకలోనే, నడిచిపోయే దూరం. ఆవిడకు నాలుగింటికి పరీక్ష డ్యూటీ ఉంది. "నువ్విచ్చి రా సింధూ. ముద్ర వేయించుకుని రసీదు తీసుకో, మర్చిపోకు. మాకు తెలియదని రేపు వాళ్లు అనకూడదు."

తాత కూడా బయలుదేరాడు. "నా యేలు పట్కపోయిన పిలగాన్ని సూస్త" అన్నాడు.

కింద పోటీపరీక్షల కోచింగ్ సెంటర్, పైన రెండో అంతస్తులో ఆఫీసు. గాజు తలుపు తోయగానే లోపల టేబుల్ దగ్గర ఉన్న మనిషి తలెత్తాడు. టోపీ లేదు, కొంచెం పొట్ట వచ్చింది. కానీ దేవేందరే.

"తాతా! నువ్వేంది గిట్ల? కూసో కూసో. చెల్లె, నువ్వు రాసిన చెల్లెవే గద? ఎంత పెద్దగైనవ్! ఎవరైనా చాయ్ చెప్పుండ్రి."

సింధూజ దారంతా కూడబలుక్కున్న మాటలున్నాయి. మీరు తప్పు రాశారు. మేము సరిచేసి తెచ్చాం. ఇక మీ రిపోర్టు చెల్లదు. వాటిలో ఒక్కటీ బయటికి రాలేదు. కాగితాలు మాత్రం చాపింది.

దేవేందర్ నిలబడే చదవడం మొదలుపెట్టాడు. రెండో పేజీకి కూర్చున్నాడు. పటం దగ్గరికి వచ్చేసరికి అతని ముఖంలో కోపం వస్తుందని సింధూజ ఎదురుచూసింది. వెలుగొచ్చింది.

"తాతా, నీకు దండం పెట్టాలె" అన్నాడు. నిజంగానే రెండు చేతులూ జోడించాడు. "మూడేండ్లసంది ఈ ఫైలు నా మెడకు గుదిబండ. ఢిల్లీల కమిటీ రెండుసార్లు తిప్పి కొట్టింది. పదకొండు వందల ఎకరాల అడవిల ఏం లేకపోవుడేంది, మళ్ల సర్వే చెయ్యుండ్రి అని. మేం పోతె మీ ఊళ్లె ఎవల్నడిగినా ఒక్కటే మాట, ఏం లేదు. ఎవడు దారి చూపడు. కెమెరాలు కడితె కోతులు పీకినయి. కాంట్రాక్టే పోతదనుకున్నం."

సింధూజకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. తాతకు ఇంకొంచెం పట్టింది.

"అంటే..." అన్నాడు తాత, "ఏం లేదన్నందుకు ఆగిందా?"

"అందుకే గద ఆగింది! ఇప్పుడు లిస్టొచ్చింది. ఎలుగున్నది, చిరుతున్నది, అలుగున్నది. ఉన్నయని రాస్తం. వాటిని జాగ్రత్తగ పట్టి వేరే అడవిల ఇడిచే ప్లాన్ రాస్తం. తేనెపట్లకొక పేరా, నెమళ్లకొక పేరా. పద్ధతి అదే తాతా. ఉన్నదాన్ని లేదంటె ఒప్పుకోరు. ఉన్నదాన్ని ఏం చేస్తమో చెప్తె ఒప్పుకుంటరు."

అతను సంతోషంగా, దాపరికం లేకుండా చెబుతున్నాడు. మోసం చేస్తున్నానని అతనికి తోచనే లేదు. గుట్ట తాత సొంతం కాదు, తనదీ కాదు, సర్కారుది. అతని పని కాగితం పూర్తి చేయడం. ఆ కాగితంలో ఉన్న ఖాళీని ఈ పిల్ల వచ్చి నింపి పెట్టింది. డ్రాయర్‌లోంచి ముద్ర తీసి టపీమని వేశాడు. తేదీ రాశాడు. రసీదు చించి సింధూజ చేతికిచ్చాడు.

తాత లేచి నిలబడ్డాడు. "ఆ కాయితాలిటియ్యి బిడ్డా."

"ఎందుకు తాతా?"

"తప్పు చెప్పిన. ముసలోన్ని, యాది లేదు. గాడ ఏం లేదు."

దేవేందర్ నవ్వు ఆపుకున్నాడు. తాత నవ్వులాటకు అనడం లేదని తెలిసి ముఖం మార్చుకున్నాడు. "నంబర్ పడ్డది తాతా. అదీగాక మేడం మెయిల్ల వీడియోతోని సహా అందరికీ పెట్టింది. మాకు, బోర్డుకు, కమిటీకి. ఈ కాయితం చించినా ఏం కాదు." గొంతు తగ్గించి అన్నాడు, "మాది గూడ గుట్టల పక్క ఊరే తాతా. ఇప్పుడు గాడ క్రషర్ నడుస్తున్నది. ఆపుడు మన చేతిల ఉంటదా చెప్పు?"

"అన్నా" అంది సింధూజ. ఇద్దరూ ఆమె వైపు తిరిగారు. "అన్నా, అది..."

ఇంకేమీ రాలేదు. చాయ్ వచ్చింది. తాత తాగలేదు.

*

మెట్లు దిగి రోడ్డు మీదికొచ్చాక సింధూజ వేదవతికి ఫోను చేసింది. కోచింగ్ సెంటర్ ముందు పిల్లలు గుంపులుగా నిలబడి ఉన్నారు, బస్సులు హారన్లు కొడుతున్నాయి. ఆమె చెప్పింది ఆవిడకు రెండోసారికి గానీ వినపడలేదు.

విన్నాక వేదవతి అవతల కాగితాలు తిరగేస్తున్న చప్పుడు వినిపించింది.

"కమిటీ వెనక్కి పంపిందా? నేను రిపోర్టు చదివానమ్మా. ఆ ఉత్తరాలు చూడలేదు. చూడాల్సింది."

"వెనక్కి తీసుకుందాం మేడం. ఇంకా ఐదు కాలేదు."

"ఏమని రాస్తాం సింధూ?" ఆవిడ గొంతు అరిగిపోయినట్టు ఉంది. "గుట్ట మీద ఏమీ లేదనా?"

తాత బస్‌స్టాప్ బెంచీ మీద కూర్చుని పాదాలు చూసుకుంటున్నాడు. సింధూజ పక్కన కూర్చుంది. క్షమించమని అడగాలి. ఎలా అడగాలో తెలియలేదు. తాత సంచిలోంచి సకినాల పొట్లం తీసి ఆమె ఒళ్లో పెట్టాడు.

"మీ నాయనమ్మ చేసింది. మెత్తగైతయి, జల్దీ తిను" అన్నాడు.

ఉప్పల్ బస్సు వచ్చింది. ఎక్కేముందు తాత ఆమె నెత్తి మీద చెయ్యి పెట్టాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదని ఆమె ఆ తర్వాత ఎన్నోసార్లు అనుకుంది.

*

వర్షాలు మొదలయ్యే ముందు అనుమతి వచ్చింది. వేదవతి మళ్లీ అభ్యంతరం రాశారు, ఇంకొకటి రాశారు. కోర్టుకు పోదామన్నారు. వకీలు కాగితాలన్నీ చూసి, జంతువుల తరలింపు ప్లాన్ పక్కాగా ఉందనీ, జాబితా ఊరివాళ్లే ఇచ్చారు కాబట్టి కొట్టేయడం కష్టమనీ చెప్పాడు. మనీషా ఇప్పుడు క్యాంటీన్‌లో ఆ గుట్ట మాట ఎత్తదు. సింధూజ కూడా ఎత్తదు.

ఒక ఆదివారం తాత ఫోను చేశాడు. సింధూజ హాస్టల్ మంచం మీద బోటనీ రికార్డు రాస్తోంది.

"గుట్టకు పోయొచ్చిన బిడ్డా. కాళ్లు కడుక్కున్న" అన్నాడు.

ఆమె పెన్ను పక్కన పెట్టింది. "ఏమున్నది తాతా?"

"మందొచ్చిన్రు. బోన్లు తెచ్చిన్రు, వలలు తెచ్చిన్రు. నల్లాయనను మొన్ననే పట్టిన్రట, పిల్లలతోని. ఇయ్యాల పట్ల కాడ ఉన్నరు. చెట్లకు తెల్లరంగు నంబర్లేసిన్రు. నన్ను దారి చూపమంటరేమో, ఎట్ల తప్పించుకోవాలె అని రాత్రంత నిద్రవట్టలే. ఎవ్వలు అడగలే."

"అడగలేదా?"

"లేదు. ఆ దేవేందర్ పిలగాడు నీ కాయితం జిరాక్సు తీసి తలా ఒకటి ఇచ్చిండు. అది పట్టుకుని సక్కగ పోతున్నరు. అయిదో చెలిమె కాడికి గూడ పోయిన్రు." తాత కొంచెం ఊపిరి పీల్చుకున్నాడు. అతని గొంతులో నిష్ఠూరం లేదు. మనవరాలి గురించి నలుగురూ అన్న మాటను దాచకుండా చెబుతున్నట్టే ఉంది. "నీ రాత మస్తు సాఫ్‌గున్నదని అందరు మెచ్చుకుంటున్నరే. ఒక్కటి గూడ ఎతుక్కునే పని పడుతలేదంట."